బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత బరువు తగ్గడం ఆగిపోతే ఏం చూసుకోవాలి, ఏం చేయాలి

బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్లలో స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం) గానీ, బైపాస్ (కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలపడం) గానీ చేయించుకున్న తొలి రోజుల్లో మెషిన్ ఎక్కిన ప్రతిసారీ అంకె దిగుతూ ఉంటుంది. ఇంట్లో అందరికీ సంబరమే. ఉన్నట్టుండి ఒక వారం అంకె కదలదు. రెండో వారం కూడా కదలదు. ఇంత ఖర్చు పెట్టి, ఇంత నొప్పి భరించి చేయించుకున్న ఆపరేషన్ ఫెయిలయిందా అన్న భయం పట్టుకుంటుంది. చుట్టాల్లో ఎవరో ఒకరు "ఇంకా తగ్గలేదేం?" అని అడగనే అడుగుతారు.

ఆ భయంలో చాలామంది చేసే పని తిండి ఇంకా తగ్గించడం. ఒక పూట మానేస్తారు, లేదంటే ఆపరేషన్ అయిన కొత్తలోలా మళ్ళీ ద్రవాహారానికి వెళ్తారు. అసలే రోజంతా కలిపి కొద్దిగా తినే శరీరానికి అది కూడా అందకపోతే కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. కండ పోతే శరీరం ఖర్చు పెట్టే శక్తి మరింత పడిపోతుంది. నెల తిరిగేసరికి నీరసం, జుట్టు ఊడటం, ఆపుకోలేని ఆకలి మిగులుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కడా 'ఇంకా తక్కువ తినండి' అన్న మాట ఉండదు.

బరువు ఆగడం పైకి ఒకేలా కనిపిస్తుంది గానీ మూడో వారంలో ఆగడానికీ, ఎనిమిదో నెలలో ఆగడానికీ, రెండో ఏడు దాటాక ఆగడానికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు. కింద చెప్పినవి ఆ వరుసలోనే చూసుకోండి. ఇది మీ సర్జన్, డైటీషియన్ సలహాకు బదులు కాదు. వాళ్ళ దగ్గరకు వెళ్ళేముందు ఇంట్లో మీరు చేసుకోగల పని.

1. నిజంగా ఆగిందా?

రోజుకు రెండుసార్లు మెషిన్ ఎక్కేవాళ్ళకు బరువు ఆగినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే రోజువారీ మార్పుల్లో ఎక్కువ భాగం నీళ్ళే. ముందు రోజు ఆవకాయ, అప్పడం కాస్త ఎక్కువైతే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరికి ముందు చాలామంది ఆడవాళ్ళకు కిలో, కొందరికి ఇంకా ఎక్కువ బరువు కనిపించి, తర్వాత దానంతటదే పోతుంది. మలబద్ధకం ఉన్నా అంతే. ఆపరేషన్ తర్వాత తిండి, నీళ్ళు రెండూ తగ్గుతాయి కాబట్టి మలబద్ధకం మామూలు విషయం. ఐరన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి.

వారానికి ఒకే రోజు చూసుకోండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టల్లో, అదే మెషిన్ మీద, గట్టి నేల మీద పెట్టి చూడాలి. ఇంటి మెషిన్‌కీ హాస్పిటల్ మెషిన్‌కీ తేడా ఉంటుంది, ఆ రెండు అంకెల్నీ పోల్చుకోవద్దు. దీంతోపాటు టైలర్లు వాడే టేపుతో నెలకు రెండుసార్లు నడుము, తుంటి, తొడ, భుజం కొలిచి రాసుకోండి. బరువు కదలని వారాల్లో కూడా నడుము తగ్గుతుండటం చాలామందిలో కనిపిస్తుంది, ముఖ్యంగా వ్యాయామం మొదలుపెట్టిన కొత్తలో.

నాలుగు వారాల పాటు బరువూ టేపూ రెండూ కదలకపోతేనే అది నిజమైన ఆగుదల అనుకోండి. రెండు వారాలకే కంగారు పడాల్సింది లేదు.

2. ఏ నెలలో ఆగింది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మూడు నుంచి ఆరు వారాల మధ్య వచ్చే ఆగుదల దాదాపు అందరికీ వస్తుంది. మన కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుకుంటుంది. ఆపరేషన్ ముందూ వెనకా తిండి బాగా తగ్గడంతో ఆ నిల్వ ఖాళీ అవుతుంది, దానితోపాటు నీళ్ళూ పోతాయి. తొలి రెండు వారాల్లో అంత వేగంగా దిగిన బరువులో గణనీయమైన వాటా ఇదే. ఆ తర్వాత మెత్తని ఆహారం మొదలయ్యేసరికి శరీరం కొంత గ్లైకోజెన్‌ను, నీటిని మళ్ళీ నింపుకుంటుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉంటుంది, పైన నీళ్ళు చేరుతుంటాయి, మెషిన్ మీద రెండూ సరిపోతాయి. ఈ దశలో చేయాల్సిందల్లా హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన డైట్ షీట్ ప్రకారం తినడం, నీళ్ళు తాగడం, నడవడం. ఒకటి నుంచి మూడు వారాల్లో బరువు మళ్ళీ కదులుతుంది. ఈ సమయంలో కొత్త ప్రయోగాలు వద్దు. లోపల కుట్లు మానుతున్న రోజులివి.

మూడో నెల నుంచి పన్నెండో నెల మధ్యలో వచ్చే ఆగుదలకు కారణాలు కలిసి ఉంటాయి. శరీరం చిన్నదైంది కాబట్టి దానికి కావాల్సిన శక్తి తగ్గింది. 118 కిలోల మనిషి మెట్లెక్కడానికి పెట్టే శక్తి, అదే మనిషి 88 కిలోలకు వచ్చాక అవసరం లేదు. పైగా బరువు తగ్గుతున్నప్పుడు శరీరం విశ్రాంతిలో ఖర్చు పెట్టే శక్తిని కూడా తగ్గించుకుంటుంది. మరోపక్క ఆరో నెలకల్లా ఆకలి కొంత తిరిగొస్తుంది, తినగలిగే పరిమాణం పెరుగుతుంది, వాంతుల భయం పోతుంది. అలవాట్లను సరిచూసుకోవాల్సింది ఈ దశలోనే. ఇక్కడ దొరికిన లోపాన్ని దిద్దుకుంటే దాని ఫలితం ఏళ్ళ తరబడి ఉంటుంది. కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఈ దశ వాళ్ళ కోసమే.

ఏడాది నుంచి ఏడాదిన్నర దాటాక ఆగితే అది చాలాసార్లు మీ శరీరం చేరుకున్న కొత్త నిలకడ. రెండేళ్ళు దాటాక బరువు కాస్త వెనక్కి రావడం కూడా మామూలే. 1987లో స్వీడన్‌లో మొదలై, ఊబకాయానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్ళు తొలి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత బరువు తిరిగొచ్చింది, అయినా పాతిక శాతం తగ్గుదల పదేళ్ళపాటు నిలబడింది. డైట్ ఒక్కదానితో అంత తగ్గుదలను అంతకాలం నిలుపుకోవడం చాలా అరుదు.

3. మీరు ఇప్పటికే ఎంత తగ్గారో లెక్క వేయండి

ఆపరేషన్ నాటి బరువులోంచి ఇప్పటి బరువు తీసేయండి. వచ్చినదాన్ని ఆపరేషన్ నాటి బరువుతో భాగించి, వందతో గుణించండి. 118 కిలోల నుంచి 88కి వచ్చినవారికి తగ్గింది 30 కిలోలు, అంటే సుమారు 25 శాతం. స్లీవ్ తర్వాత సగటు తగ్గుదల పాతిక శాతం దరిదాపుల్లో ఉంటుంది. బైపాస్ తర్వాత 30 శాతం దగ్గర. వీటికి అటూ ఇటూ చాలా తేడాలుంటాయి. వయసు, మొదటి బరువు, షుగర్ ఉందా లేదా, ఆడా మగా, ఇలా చాలావాటిమీద అది ఆధారపడుతుంది.

ఏడాదికి పాతిక శాతం తగ్గి ఆగినవాళ్ళ ఆపరేషన్ బాగా పనిచేసినట్టే. పెళ్ళినాటి బరువుకో, నెట్‌లో చూసిన ఆదర్శ బరువుకో రాలేదని దాన్ని ఓటమిగా చూసుకోవడం అన్యాయం. షుగర్ మందులు తగ్గాయా, బీపీ దిగిందా, నిద్రలో గురక పోయిందా, మోకాళ్ళు నొప్పి లేకుండా మెట్లు ఎక్కుతున్నారా, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి. అదే ఆరో నెలలో పది శాతం దగ్గరే ఆగిపోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. తర్వాతి చెకప్ కోసం ఎదురుచూడకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

4. వారం రోజులు ఉన్నది ఉన్నట్టు రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ చాలు. నోట్లో పడిన ప్రతిదీ, ఎన్ని గంటలకు, ఎంత, అప్పుడు ఆకలిగా ఉందా లేదా, ఈ నాలుగూ రాయండి. ఆ వారంలో అలవాట్లేవీ మార్చుకోవద్దు. డైటీషియన్‌కు చూపించడానికి మంచిగా తిన్న వారాన్ని రాసిస్తే లాభం లేదు.

రాసింది చదువుకుంటే మూడు చోట్ల జాగ్రత్తగా చూడాలి.

మొదటిది, తేలిగ్గా జారిపోయే తిండి. ఆపరేషన్ పనిచేసేది గట్టి ఆహారం మీద. చికెన్ ముక్క, ఉడికిన గుడ్డు, పనీర్ కొద్దిగా తినగానే కడుపు నిండి ఇంక చాలనిపిస్తాయి. మెత్తగా, పలచగా ఉండేవి ఆ చిన్న సంచిలో ఆగవు, జారిపోతాయి. బయటి దేశాల పుస్తకాలు దీనికి చిప్స్, ఐస్‌క్రీమ్ ఉదాహరణలుగా ఇస్తాయి. మన ఇళ్ళలో ఆ పని చేసేవి చారన్నం, మజ్జిగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, పాలలో ముంచిన బిస్కెట్టు. చారు పోసి కలిపిన అన్నం ఒంటికి చాలా తేలిక అని పెద్దవాళ్ళు ప్రేమతో పెడతారు. జ్వరం వచ్చినప్పుడు అది మంచిదే. ఈ ఆపరేషన్ తర్వాత మాత్రం అది చప్పున జారి, గంటకే మళ్ళీ ఆకలి వేయిస్తుంది. అందులో ప్రొటీన్ దాదాపు ఉండదు. నా మటుకు, ఎనిమిదో నెలలో బరువు ఆగిన తెలుగువాళ్ళు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది కంచంలోని ఈ చారన్నం, మజ్జిగన్నమే.

రెండోది, అడపాదడపా నోట్లో వేసుకునేవి. నాలుగు పల్లీలు, ఒక జంతిక, పిల్లలు వదిలేసిన చపాతీ ముక్క, వంట రుచి చూసిన గరిటెడు. ఒక్కొక్కటీ లెక్కలోకి రానట్టే ఉంటుంది. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, సుమారు 170 క్యాలరీలు. పల్లీలు చెడ్డవని కాదు. అవి భోజనంలో భాగంగా రావాలి, భోజనాల మధ్య రాకూడదు.

మూడోది, తాగే క్యాలరీలు. రోజుకు నాలుగు టీలు, కప్పుకు రెండు చెంచాల పంచదార చొప్పున వేసుకుంటే పంచదార ఒక్కటే 160 క్యాలరీలు, పాలు వేరే. జ్యూస్‌లు, మాల్ట్ పౌడర్లు, తీపి లస్సీ కూడా ఇందులోకే వస్తాయి. మద్యం గురించి ఒక మాట. బైపాస్ తర్వాత అది రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే ప్రమాదం కూడా పెరుగుతుంది. మానేయడమే మేలు.

5. కంచాన్ని ప్రొటీన్ వైపు తిప్పండి

ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. చాలామందికి 60 నుంచి 80 గ్రాములు లక్ష్యంగా పెడతారు. ఎత్తు ఎక్కువున్న మగవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పిన అంకెనే పాటించాలి.

మన భోజనంలో ఇబ్బంది ఎక్కడంటే, అందరూ పప్పును ప్రొటీన్ కింద లెక్కేసుకుంటారు. చిన్న గిన్నెడు గట్టి పప్పులో ఆరేడు గ్రాములకు మించదు. సాంబారు, పప్పుచారుల్లో ఇంకా తక్కువ. ఇడ్లీకి రెండు గ్రాములు. ఇంత చిన్న కడుపుతో వీటిమీదే ఆధారపడితే 60 గ్రాములు అందవు. అదే ఒక గుడ్డులో 6 గ్రాములు, వండిన చికెన్ వంద గ్రాముల్లో పాతిక దాకా, చేపలో 20 దాకా, పనీర్‌లో సుమారు 18, ఎండు సోయా ముక్కలు 25 గ్రాములు తీసుకుంటే 13 గ్రాములు వస్తాయి.

మాంసాహారులకు ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున రెండు ఉడికిన గుడ్లు. మధ్యాహ్నం 70 గ్రాముల చికెన్ కూర ముక్కలు, అర గిన్నె గట్టి పప్పు, రెండు చెంచాల బీరకాయ కూర, కడుపులో చోటుంటే నాలుగు ముద్దల అన్నం. సాయంత్రం పంచదార లేని గ్లాసుడు పాలు. రాత్రి 80 గ్రాముల చేప, చిన్న గిన్నెడు గట్టి పెరుగు. మొత్తం 60 గ్రాములు దాటుతుంది.

శాకాహారులకు కష్టమే గానీ కుదరనిది కాదు. పొద్దున పనీర్ తురుము పెట్టిన చిన్న పెసరట్టు, దీంట్లో 16 గ్రాముల దాకా వస్తాయి. ఉప్మా పెసరట్టు మాత్రం వద్దు, ఆ ఉప్మా ప్రొటీన్ చోటు తినేస్తుంది. మధ్యాహ్నం గట్టి పప్పు, 50 గ్రాముల పనీర్, కూర. సాయంత్రం ఉడికించిన శనగలు, గ్లాసుడు పాలు. రాత్రి సోయా ముక్కల కూర, పెరుగు. ఇంత తినలేని రోజుల్లో ఒక స్కూప్ వే ప్రొటీన్ పౌడర్ సుమారు 24 గ్రాములు ఇస్తుంది. దాన్ని కొనేముందు డబ్బా వెనక లేబుల్ చదవండి, పంచదార ఎక్కువున్నవి వదిలేయండి.

తినే వరుస కూడా మారాలి. మనం అన్నంతో మొదలుపెట్టి, పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ అన్నంలోనే కలుపుకుంటాం. ఇకపై ముందు ప్రొటీన్, తర్వాత కూర, చివరన చోటు మిగిలితే అన్నం. పెరుగన్నం లేనిదే భోజనం పూర్తయినట్టు ఉండదనేవాళ్ళు అన్నం లేకుండా గట్టి పెరుగు ఒక్కటే గరిటెడు తినండి. ఒక్కో పూటకు ఇరవై, ముప్ఫై నిమిషాలు తీసుకోండి. ఛాతీ మధ్యలో బిగుతుగా అనిపించినా, ముక్కు కారినా, ఎక్కిళ్ళు వచ్చినా అదే ఆపేయమన్న సంకేతం. కంచంలో మిగిలింది పారేయడానికి మనసు ఒప్పదు కాబట్టి ముందే చిన్న గిన్నెలో పెట్టుకోండి.

6. నీళ్ళు, కానీ భోజనంతో కాదు

రోజుకు కనీసం లీటరున్నర, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ, గుక్కగుక్కగా తాగాలి. భోజనానికి అరగంట ముందు ఆపి, తిన్నాక మళ్ళీ అరగంటకు మొదలుపెట్టాలి. తింటూ నీళ్ళు తాగితే గట్టి ఆహారం కూడా పలచబడి తొందరగా జారుతుంది, అంతకుముందు చెప్పిన చారన్నం సమస్యే మళ్ళీ వస్తుంది. పలచని ఉప్పు లేని మజ్జిగ భోజనానికీ భోజనానికీ మధ్య తాగొచ్చు. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు.

7. కండను కాపాడండి

నడక మంచిదే. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట నడిస్తే 150 నిమిషాలు అవుతుంది. అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. కానీ బరువు ఆగినప్పుడు చాలామంది నడకనే గంట నుంచి రెండు గంటలకు పెంచుతారు, బరువులు మాత్రం ముట్టరు. ఆడవాళ్ళయితే "మాకెందుకు బరువులు" అంటారు. ఆపరేషన్ తర్వాత తగ్గే బరువులో కండ వాటా కూడా ఉంటుంది. దాన్ని ఆపగలిగేది ప్రొటీన్, దానితోపాటు కండకు పని చెప్పే వ్యాయామం.

బరువులెత్తడం ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, అదీ సర్జన్ సరేనన్నాకే. జిమ్ అక్కర్లేదు. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకు ఆనుకుని పుష్‌అప్‌లు పదిసార్లు. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల మీదికి ఎత్తడం పదిసార్లు. ఈ మూడింటినీ కాస్త విశ్రాంతి ఇచ్చుకుంటూ మూడు విడతలు చేస్తే ఇరవై నిమిషాలు. వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండేలా. తేలికయ్యాక కుర్చీ తీసేసి గుంజీళ్ళు, సీసాల బదులు డంబెల్స్. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళు ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టాలి.

ఇక్కడొక హెచ్చరిక. వ్యాయామం మొదలెట్టగానే ఒళ్ళు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కోవడం మనకు మామూలు. బైపాస్ అయినవాళ్ళకు వాటివల్ల కుట్ల దగ్గర పుండ్లు పడే ప్రమాదం ఉంది. ఏ నొప్పి మాత్ర వేసుకోవాలో మీ సర్జన్‌నే అడగండి. సిగరెట్ కూడా అదే ప్రమాదాన్ని పెంచుతుంది.

వ్యాయామం మొదలైన తొలి రెండు మూడు వారాల్లో కండల్లో నీరు చేరి బరువు కొంచెం పెరిగినట్టు కనిపించవచ్చు. ఆ వారాల్లో టేపును నమ్మండి.

8. మందుల డబ్బా, రక్త పరీక్షలు

అన్నీ బాగానే చేస్తున్నా కదలనివాళ్ళలో కారణం ఒక్కోసారి మందుల డబ్బాలో ఉంటుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందులు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్య మందులు (ఓలాంజపిన్, మిర్టజపిన్ లాంటివి), మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రొయేట్, కొన్ని బీపీ మందులు బరువు పెరగడానికో, తగ్గకపోవడానికో దోహదం చేస్తాయి. వీటిని మీ అంతట మీరు ఆపవద్దు. రాసిన డాక్టరుకు ఆపరేషన్ సంగతి చెప్పి, మార్చగలరేమో అడగండి.

షుగర్ మందుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత షుగర్ వేగంగా దిగుతుంది. డోసు పాతదే ఉండిపోతే షుగర్ మరీ పడిపోయి, వణుకు, చెమటలు పట్టి మనిషి తీపి కోసం పరుగెడతాడు. అలా రోజూ తినే తీపితో బరువు ఆగిపోతుంది. బైపాస్ అయిన ఏడాది తర్వాత కొందరికి ఏ మందూ లేకుండానే, భోజనమైన ఒకటి నుంచి మూడు గంటల్లో ఇలా షుగర్ పడిపోతుంది. దానికి మందు తీపి కాదు. ప్రొటీన్ పెంచి, అన్నం, తీపి తగ్గించాలి, డాక్టరుకు చెప్పాలి.

ఇక పరీక్షలు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, కాల్షియం, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), కాలేయ పరీక్షలు మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా చేయించడం ఆనవాయితీ. ఐరన్, బీ12 తక్కువైతే నేరుగా బరువు ఆగదు గానీ, రెండంతస్తులు ఎక్కలేని నీరసం వస్తే నడకా వ్యాయామమూ ఆగిపోతాయి. విటమిన్ మాత్రలు ఆపరేషన్ తర్వాత జీవితాంతం వాడాల్సినవి. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్‌ను టీ, కాఫీలతో వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్రకూ ఈ రెండింటికీ నాలుగు గంటల దూరం ఉంచాలి. మూడింటినీ పొద్దున్నే కలిపి మింగితే మాత్రలు వాడుతున్నా ఒంటికి సరిగా పట్టవు.

పెళ్ళయిన ఆడవాళ్ళకు ఇంకో మాట. బరువు తగ్గేకొద్దీ, ముఖ్యంగా పీసీఓడీ (నెలసరి క్రమం తప్పే అండాశయ సమస్య) ఉన్నవాళ్ళలో, నెలసరి గాడిలో పడి గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. బరువు ఆగి, నెల తప్పితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వద్దంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు పూర్తిగా పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగాలి.

9. నిద్ర, ఇల్లు, పండుగలు

నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికి, వేపుళ్ళ మీదికి పోతుంది. హైదరాబాద్‌లో అమెరికా టైమింగ్స్‌తో పనిచేసేవాళ్ళకు ఇది నిత్యం ఎదురయ్యేదే. షిఫ్టు మార్చుకోలేకపోతే కనీసం ఒకే వేళల్లో నిద్రపోవడం, రాత్రి షిఫ్టులో తినాల్సింది ఇంటినుంచే డబ్బాలో తీసుకెళ్ళడం చేయవచ్చు. స్లీప్ ఆప్నియాకు, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే సమస్యకు, సీపాప్ (మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపే మెషిన్) వాడేవాళ్ళు బరువు తగ్గాక దాని ప్రెషర్ మళ్ళీ చూపించుకోవాలి. సరిగా లేదని మెషిన్ పక్కన పడేస్తే నిద్ర మళ్ళీ పాడవుతుంది.

పెళ్ళి భోజనాల్లో, సంక్రాంతికి అరిసెల దగ్గర, "ఒక్కటి తింటే ఏం కాదులే" అనేవాళ్ళు శత్రువులు కారు, ప్రేమతోనే పెడతారు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా వెళ్ళేముందే ఇంట్లో ప్రొటీన్ తినేసి, అక్కడ మీకు నచ్చినది ఒకటి కూర్చుని నిదానంగా తినండి. బైపాస్ అయినవాళ్ళకు తీపి ఎక్కువైతే గుండెదడ, కళ్ళు తిరగడం, విరేచనాలు వస్తాయి కాబట్టి సున్నుండలో సగం చాలు. పండుగ పిండివంటల డబ్బా నెలరోజులు కళ్ళెదుట ఉండకుండా చూసుకోండి.

దిగులుగా ఉండటం, ఒంటరిగా ఉన్నప్పుడు దాచుకుని తినడం, తిన్నాక తప్పు చేసినట్టు కుమిలిపోవడం కనిపిస్తే సైకాలజిస్టును కలవడానికి వెనుకాడవద్దు. అంతకుముందు తిండితో తీర్చుకున్న దుఃఖం కడుపు చిన్నదైనంత మాత్రాన పోదు. ఈ సహాయాన్ని మనవాళ్ళు మరీ తక్కువగా వాడుకుంటున్నారన్నది నా బాధ.

10. హాస్పిటల్‌కు ఎప్పుడు, ఏం అడగాలి

కొన్నిటికి ఆగకూడదు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి విరేచనాలు, జ్వరంతో గుండెదడ, కాళ్ళ వాపు, నడకలో తూలడం, చూపు రెండుగా కనబడటం ఉంటే అదే రోజు వెళ్ళాలి. రోజుల తరబడి వాంతులైతే థయమిన్ అనే బీ1 విటమిన్ పడిపోయి నరాలు, మెదడు దెబ్బతినగలవు. అలాంటప్పుడు మామూలు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వాలి. ఊళ్ళో చిన్న క్లినిక్‌కు వెళ్ళినా బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని చెప్పడం అందుకే తప్పనిసరి.

పైన చెప్పినవన్నీ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు నిజాయితీగా చేసినా కదలకపోతే, లేదా తగ్గిన బరువు నెలనెలా పెరుగుతూ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెంట తీసుకెళ్ళాల్సినవి: వారం తిండి రాసిన నోట్‌బుక్, బరువు, టేపు కొలతలు, వాడుతున్న మందులన్నీ, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ. ఇక్కడ చేయించుకుని గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళినవాళ్ళు ఈ చివరి రెండింటినీ ఫోన్‌లో కూడా ఉంచుకోవాలి. ఏ రకం ఆపరేషన్ అయిందో తెలియకపోతే అక్కడి డాక్టరు చేయగలిగేది తక్కువ.

సర్జన్ అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ, మందు తాగించి తీసే ఎక్స్‌రే చేయించవచ్చు. సంచి సాగిందా, కుట్ల దగ్గర ఏమైనా తేడా వచ్చిందా అన్నది వాటిలో తెలుస్తుంది. ఆకలే ప్రధాన సమస్య అయితే మందుల మాట వస్తుంది. ఆకలిని తగ్గించే ఇంజెక్షన్లలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత బరువు ఆగినవాళ్ళకు, తిరిగి పెరిగినవాళ్ళకు కూడా వీటిని డాక్టర్లు వాడుతున్నారు. కానీ ఇవి ఆకలిని ఇంకా తగ్గిస్తాయి కాబట్టి ప్రొటీన్ అందక కండ పోయే ప్రమాదం రెట్టింపు జాగ్రత్తతో చూసుకోవాలి. గతంలో ప్యాంక్రియాస్ వాపు వచ్చినవాళ్ళు, కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. తెలిసినవాళ్ళు వాడారని షాపులో కొనుక్కుని పొడుచుకునే మందు కాదిది.

రెండో ఆపరేషన్, అంటే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం లాంటివి, చివర్లో వచ్చే మాట. స్లీవ్ తర్వాత గుండెల్లో మంట తీవ్రంగా ఉన్నవాళ్ళకు దానివల్ల రెండు లాభాలుంటాయి: మంటా తగ్గుతుంది, బరువూ కొంత తగ్గుతుంది. ఒట్టి బరువు కోసమే అయితే మొదటి ఆపరేషన్ అంత తగ్గుదల సాధారణంగా రాదు, ప్రమాదాలు మాత్రం మొదటిదానికంటే ఎక్కువ. ఎవరైనా మొదటి సంప్రదింపులోనే, తిండి రికార్డు చూడకుండా, పరీక్షలు చేయించకుండా రెండో ఆపరేషన్‌కు తేదీ ఇస్తామంటే అక్కడ సంతకం పెట్టకండి. ఇంకో బేరియాట్రిక్ సర్జన్ అభిప్రాయం తీసుకుని, డైటీషియన్‌తో మూడు నెలలు పనిచేశాకే ఆ నిర్ణయానికి రండి.